నీళ్లా, వైరా, సెన్సరా: పాత కారు ఇంజిన్ వేడి లెక్క

పాత పెట్రోలు కారు ఉన్నట్టుండి మైలేజీ ఇవ్వడం మానేసినా, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగా కొట్టగా గానీ స్టార్ట్ కాకపోయినా, రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతున్నా, షెడ్డులో ముందుగా వినిపించే తీర్పు ఒకటుంది: "టెంపరేచర్ సెన్సర్ పోయింది సార్, మార్చేద్దాం." ఒక్కోసారి అది నిజమే. కానీ ఏ కొలతా తీసుకోకుండా చెప్పిన మాట కాబట్టి, నిజమైనా అది అదృష్టం కొద్దీ అయిందే. కొత్త సెన్సర్ వేశాక కారు నాలుగు రోజులు బాగా నడిచి మళ్లీ మొదటికొస్తే, అనుమానం ఇంజెక్టర్ల మీదికి, ఆక్సిజన్ సెన్సర్ మీదికి, చివరికి ఇంజిన్ కంప్యూటర్ మీదికి పాకుతుంది. బిల్లు పెరుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

ఇంజిన్ వేడి సంగతి కంప్యూటర్‌కు చేరాలంటే మూడు విషయాలు సరిగ్గా ఉండాలి. సెన్సర్ మొనను తాకుతూ నీళ్లుండాలి. సెన్సర్ నుంచి కంప్యూటర్ దాకా వైరు, కప్లర్, ఎర్త్ బాగుండాలి. సెన్సర్ తన లెక్క తప్పకుండా ఉండాలి. ఈ మూడింటిలో షెడ్డు ముందుగా మార్చేది మూడోదాన్ని, ఎందుకంటే దాన్ని మార్చడం తేలిక. పాత కార్ల విషయంలో వరుస తిరగెయ్యాలని నా గట్టి నమ్మకం: ముందు నీళ్లు, తర్వాత వైరు, ఆఖరున సెన్సర్. ఎందుకో వివరంగా చూద్దాం.

అంతకంటే ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. "టెంపరేచర్ సెన్సర్" అని మనం పిలిచేవి పాత కార్లలో మూడు వేర్వేరు వస్తువులు కావచ్చు. ఒకటి డ్యాష్‌బోర్డు మీద ముల్లును నడిపేది. దీనికి తరచూ ఒక్కటే వైరు ఉంటుంది, ఎర్త్ దాని ఒంటి నుంచే, మరల ద్వారా ఇంజిన్‌కు అందుతుంది. రెండోది రేడియేటర్‌కు గానీ థర్మోస్టాట్ పక్కన గానీ బిగించిన ఫ్యాన్ స్విచ్. ఇది వేడిని కొలవదు, ఒక హద్దు దాటగానే కలుస్తుంది, తగ్గగానే విడిపోతుంది. మూడోది ఇంజిన్ కంప్యూటర్‌కు కబురు చెప్పే సెన్సర్, దీనికి సాధారణంగా రెండు వైర్లు. కొన్ని కార్లలో ఒకే ఒంట్లో రెండు సెన్సర్లు పెట్టి నాలుగు పిన్నుల కప్లర్ ఇస్తారు, మరికొన్నింటిలో ముల్లును కూడా కంప్యూటరే నడుపుతుంది. కాబట్టి "ముల్లు సరిగ్గానే ఉంది కదా, సెన్సర్ బాగున్నట్టే" అనే వాదన చాలా పాత కార్లకు చెల్లదు. ముల్లుకు చెప్పేది ఒకరు, కంప్యూటర్‌కు చెప్పేది ఇంకొకరు. కంప్యూటర్ నడిపే ముల్లు అయితే ఇంకో చిక్కు. సుమారు 75 నుంచి 105 డిగ్రీల దాకా ఎక్కడున్నా ముల్లును మధ్యలోనే నిలిపేలా చాలామంది తయారీదారులు ఏర్పాటు చేస్తారు, డ్రైవరు కంగారుపడకూడదని. అది చూసి రోగనిర్ణయం చెయ్యలేం.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మొదటి తరం మారుతి 800 లాంటి కార్బురేటర్ కార్లకు ఈ మూడో సెన్సర్ అవసరమే రాలేదు. చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ కావాలంటే డ్రైవరు చోక్ లాగేవాడు, వేడెక్కాక నెట్టేసేవాడు. ఆ పనిని ఎలక్ట్రానిక్ యంత్రానికి అప్పగించిన మొదటి ప్రధాన వ్యవస్థల్లో బాష్ కంపెనీ పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి డీ-జెట్రానిక్ ఒకటి. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కార్లలో వచ్చింది. మన దేశంలో 1998లో వచ్చిన హ్యుందాయ్ శాంట్రో లాంటి కార్లతో, 2000 తర్వాత కాలుష్య నిబంధనలు బిగుసుకోవడంతో, ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండరుకూ ఇంజెక్టరుతో పెట్రోలు చిమ్మే పద్ధతి) అనే మాట సామాన్యులకు అలవాటైంది. మారుతి 800 కూడా ఆ దారికే వచ్చింది. అంటే ఈరోజు మన వీధుల్లో పాత కారు అంటే ఎక్కువగా చోక్ లేని కారే. చోక్ లాగే చెయ్యి స్థానంలో బొటనవేలంత ఇత్తడి ముక్క కూర్చుని ఉంది.

ఆ ఇత్తడి తొడుగు లోపల ఉండేది థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం పడిపోతుంది. మామూలు లోహపు తీగలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. సిల్వర్ సల్ఫైడ్‌లో ఈ వింతను మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు. బాష్ తరహా సెన్సర్లలో ఈ నిరోధం 0 డిగ్రీల దగ్గర సుమారు 5,900 ఓమ్‌లు, 20 డిగ్రీల దగ్గర 2,500, 40 దగ్గర దాదాపు 1,170, 60 దగ్గర 600, 80 దగ్గర 320, 100 దగ్గర 187. జపాన్ కార్లలోనూ అంకెలు దీనికి దగ్గర్లోనే ఉంటాయి. ఈ వరుసను ఒకసారి నిదానంగా చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఒక్కో డిగ్రీకి నిరోధం వంద ఓమ్‌లకు పైగా మారుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక డిగ్రీకి పది ఓమ్‌లైనా మారదు. పాత కారులో వచ్చే చాలా తంటాలకు మూలం ఈ ఒక్క విషయంలో ఉంది.

కంప్యూటర్ ఈ నిరోధాన్ని నేరుగా కొలవదు. తన లోపలున్న ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో చూస్తుంది. లెక్క కోసం లోపలి రెసిస్టర్ 2,500 ఓమ్‌లు అనుకుందాం. ఇంజిన్ 20 డిగ్రీల దగ్గర ఉంటే కంప్యూటర్‌కు కనిపించేది 2.5 వోల్టులు. 80 డిగ్రీలకు చేరితే 0.57 వోల్టు. ఇప్పుడు కప్లర్ పిన్ను మీద ఆకుపచ్చ చిలుము పట్టి 300 ఓమ్‌ల అదనపు నిరోధం చేరిందనుకోండి. చల్లటి ఇంజిన్‌లో 2,500 కాస్తా 2,800 అవుతుంది, కంప్యూటర్ 20 డిగ్రీలను పదిహేడు పద్దెనిమిది అనుకుంటుంది. పొద్దున స్టార్టింగులో తేడాయే తెలియదు. అదే 80 డిగ్రీల దగ్గర 320కి 300 కలిసి 620 అవుతుంది. అంటే కంప్యూటర్ దృష్టిలో ఇంజిన్ ఇంకా 60 దాటలేదు. చిలుము ముదిరి వెయ్యి ఓమ్‌లకు చేరితే, మరిగే ఇంజిన్‌ను పట్టుకుని 40 డిగ్రీలైనా లేదని నమ్ముతుంది. పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

కప్లర్ లోపలికి తడి చేరి రెండు పిన్నుల మధ్య కరెంటు కారుతుంటే దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. ఆ కారే దారి నిరోధం 2,500 ఓమ్‌లైతే, 20 డిగ్రీల చల్లటి ఇంజిన్ కంప్యూటర్‌కు 38 డిగ్రీల్లా కనిపిస్తుంది, వానాకాలపు పొద్దుట స్టార్టింగ్ ఇబ్బంది పెడుతుంది. వేడెక్కాక మాత్రం తేడా నాలుగైదు డిగ్రీలే. అందుకే ఫిర్యాదు విన్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న "చల్లగా ఉన్నప్పుడా, వేడిగా ఉన్నప్పుడా?" అన్నదే. వేడి మీద మాత్రమే ఏడిపించే కారులో దారి మీద అదనపు నిరోధం, చల్లదనంలో మాత్రమే ఏడిపించే కారులో తడి, కారే కరెంటు ముందు వెతకాలి. కారును చల్లగా ఉన్నప్పుడే షెడ్డులో నిలబెట్టి మీటరుతో చూసి "అంతా బాగుంది" అని పంపించేస్తే ఈ మొదటి రకం జబ్బు ఎప్పటికీ దొరకదు.

వేడి కబురు తప్పితే ఏం జరుగుతుందో కారే చెబుతుంది. ఇంజిన్ చల్లగా ఉందని కంప్యూటర్ పొరబడితే పెట్రోలు పాళ్లు పెంచుతుంది, ఐడిల్ పెంచుతుంది, ఆక్సిజన్ సెన్సర్ చెప్పే సవరణను ఆలస్యంగా వింటుంది లేదా అసలు వినదు. సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన, నల్లటి మసి, ప్లగ్గులు మసిబారడం, వేడి మీద ఆపి పది నిమిషాలకు స్టార్ట్ చేస్తే పట్టకపోవడం, ఇవన్నీ ఆ గుర్తులే. ఇలాగే నెలల తరబడి నడిపితే కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ అతిగా వేడెక్కి పాడవుతుంది. పొల్యూషన్ పరీక్షలోనూ దొరికిపోతుంది. బీఎస్-2, బీఎస్-3 పెట్రోలు కార్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, బీఎస్-4 కార్లకు 0.3 శాతం దాటకూడదు. పాళ్లు తప్పిన ఇంజిన్‌కు అది చాలా చిన్న హద్దు. దీనికి భిన్నంగా, ఇంజిన్ వేడిగా ఉందని పొరబడితే చల్లటి ఇంజిన్‌కు చాలినంత పెట్రోలు అందదు, స్టార్ట్ అయి ఆగిపోతుంది, మొదటి కిలోమీటరు మిస్సింగుతో నడుస్తుంది. మన ఎండలకు ఈ రెండో రకం బాధ అంతగా తెలియదు. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లి చవగ్గా పాత సివిక్కో కరోలానో కొనుక్కున్న మన పిల్లలకు మాత్రం జనవరిలో, మైనస్ పది డిగ్రీల్లో, బాగా తెలుస్తుంది.

సెన్సర్ దారి పూర్తిగా తెగిపోతే సంగతి వేరు. కంప్యూటర్‌కు 5 వోల్టులూ అలాగే కనిపిస్తాయి, స్కానర్‌లో మైనస్ 40 డిగ్రీలు అని వస్తుంది. గోదావరి జిల్లాల్లో మైనస్ 40 ఉండదని కంప్యూటర్‌కూ తెలుసు కాబట్టి చెక్ ఇంజిన్ లైటు వెలిగించి, తనకు తానే ఒక అంకె ఊహించుకుని, చాలా కార్లలో ఫ్యాన్‌ను ఆగకుండా తిప్పుతూ బండిని ఇంటికి చేర్చే ప్రయత్నం చేస్తుంది. అందుకే పూర్తిగా పోయిన సెన్సర్‌ను పట్టుకోవడం తేలిక. సగం పోయినదే ప్రమాదం. 60 డిగ్రీలు అనే అంకె ఇంజిన్‌లో ఉండదగినదే కాబట్టి పాత కార్లలో కంప్యూటర్‌కు చాలాసార్లు అనుమానం రాదు, లైటు వెలగదు.

ఇక నీళ్ల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన వైపు అసలు తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతున్నాయి.

ఎండలు ముదరగానే థర్మోస్టాట్ తీయించేసే అలవాటు విజయవాడ నుంచి రామగుండం దాకా ఉంది. "మన ఎండలకు అది అక్కర్లేదు, తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది" అంటారు. థర్మోస్టాట్ అంటే నీళ్లు సుమారు 82 డిగ్రీలకు (అంకె దాని మీదే కొట్టి ఉంటుంది) చేరేదాకా రేడియేటర్‌కు దారి మూసి ఉంచే మైనపు వాల్వు. దాన్ని తీసేస్తే హైవే మీద ఇంజిన్ ఎప్పుడూ ఉండాల్సినంత వేడికి చేరదు. సెన్సర్ నిజాయితీగా 60 డిగ్రీలని చెబుతుంది, కంప్యూటర్ ఆ మాట నమ్మి పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, నింద సెన్సర్ మీద పడుతుంది. ముఖం బాగాలేదని అద్దం మార్చినట్టుంటుంది ఆ మరమ్మతు. ఓబీడీ (దోషాలను కంప్యూటరే గుర్తించి కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు) ఉన్న కార్లలో ఈ పరిస్థితికి పీ0128 అనే కోడ్ వస్తుంది. దానర్థం ఇంజిన్ అనుకున్న వేడికి చేరడం లేదని. మొదట చూడాల్సింది థర్మోస్టాట్. ఆ కోడ్ చూసి సెన్సర్ మార్చడం శుద్ధ దండగ. వేడి తట్టుకోలేక థర్మోస్టాట్ తీయించాల్సి వచ్చిందంటే రేడియేటర్ పూడిపోయి ఉండాలి, లేదా పంపు, ఫ్యాన్, మూతల్లో ఏదో ఒకటి పనిచేయకుండా ఉండాలి. దాన్ని సరిచేసి థర్మోస్టాట్ తిరిగి పెట్టించాలి.

రెండో తప్పు బోరు నీళ్లు. గట్టి నీళ్లలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకున్నట్టే సెన్సర్ మొన మీదా తెల్లటి పొరగా పేరుకుంటుంది. ఆ పొర కట్టిన సెన్సర్ వేడిని ఆలస్యంగా పసిగడుతుంది. కూలెంట్ కలపని నీళ్లయితే ఇత్తడినీ అల్యూమినియాన్నీ కూడా తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కారు కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంట్ కలిపి పోయడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు. సగం పాళ్ల కూలెంట్ ఉన్న నీళ్లు మామూలు గాలి ఒత్తిడిలోనే 106 డిగ్రీల దాకా మరగవు కూడా.

మూడోది ప్రాణం మీదికి తెచ్చేది. ఎక్కడో హోస్ పైపు పగిలి నీళ్లు కారిపోయాయనుకోండి. సెన్సర్ మొన గాల్లో తేలుతుంది. గాలి, ఆవిరి నీళ్లంత బాగా వేడిని అందించలేవు. లోపల ఇంజిన్ కాలిపోతుంటే పైకెక్కిన ముల్లు నెమ్మదిగా కిందికి దిగుతుంది. "హమ్మయ్య, చల్లారింది" అనుకుని డ్రైవరు ఇంకో ఐదు కిలోమీటర్లు లాగిస్తాడు. హెడ్ వంగిపోవడానికి, గాస్కెట్ పోవడానికి అది చాలు. బాగా పైకెక్కిన ముల్లు కారణం లేకుండా హఠాత్తుగా పడిపోతే పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. పిల్లలకు కారు నడపడం నేర్పేటప్పుడు గేర్లతోపాటు ఈ మాటా చెప్పాలి.

కాబట్టి పరీక్ష నీళ్లతోనే మొదలవుతుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌కు, పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు మూత తీసి రేడియేటర్‌లో నీళ్లు అంచుదాకా ఉన్నాయా చూడాలి. పక్కనున్న డబ్బాలో గీత దాకా ఉంటే చాలదు. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండే కార్లు ఉన్నాయి, మూతలోని రబ్బరు పాడైతే నీళ్లు వెనక్కి లాక్కోదు. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు. 0.9 బార్ మూత కింద నీళ్లు 118 డిగ్రీల దాకా మరగకుండా ఒదిగి ఉంటాయి, మూత వదులవగానే ఒక్క ఉదుటున ఆవిరై మొహం మీదికి ఎగదన్నుతాయి. వేసవి ప్రయాణాల్లో రోడ్డు పక్కన ఇలా చేతులూ మొహాలూ కాల్చుకునే వాళ్లను చూస్తే బాధ కలుగుతుంది, అరగంట ఓపిక పడితే తప్పేదానికి.

అదే పొద్దుట, అదే చల్లటి ఇంజిన్‌కు, స్కానర్ పెట్టగలిగితే అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష చెయ్యొచ్చు. రాత్రంతా నిలిపిన కారులో ఇంజిన్ నీళ్లూ, లోపలికి పీల్చే గాలీ, బయటి గాలీ ఒకే వేడిలో ఉండాలి. తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా, నీళ్ల సెన్సర్ అంకెను గాలి సెన్సర్ అంకెతో పోల్చాలి. రెండు మూడు డిగ్రీల తేడా పట్టించుకోనక్కర్లేదు. ఒకటి 27 అని, ఇంకోటి 45 అని చెబితే ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నారు, ఎవరన్నది ఇంట్లో గోడకున్న థర్మామీటరే తేలుస్తుంది. తర్వాత స్టార్ట్ చేసి అంకె ఎక్కే తీరు చూడాలి. ఎక్కడా ఎగిరిపడకుండా నిదానంగా ఎక్కి, థర్మోస్టాట్ తెరుచుకునే చోట కాస్త తడబడి, ఫ్యాన్ తిరిగే చోటికి చేరాలి. మధ్యలో ఒక్కసారిగా మైనస్ 40కి పడి మళ్లీ లేస్తే అది వైరు తెగుడు, కప్లర్ వదులు. అప్పుడు ఇంజిన్ నడుస్తుండగా కప్లర్‌నూ వైరు కట్టనూ ఫ్యాన్‌కు దూరంగా చెయ్యి పెట్టి మెల్లగా కదిపితే దోషం ఎక్కడుందో అక్కడే అంకె ఊగుతుంది.

మన దేశంలో ఓబీడీ 2010 ఏప్రిల్‌లో బీఎస్-4తో మొదలై 2013 ఏప్రిల్ నుంచి రెండో దశకు చేరింది. అంతకు ముందు కార్లలో సాకెట్ ఆకారం అదే అయినా చవక బ్లూటూత్ స్కానర్ మాట్లాడకపోవచ్చు, కంపెనీ భాష తెలిసిన స్కానర్ కావాలి. మరీ పాతవాటిలో రెండు పిన్నులు కలిపితే చెక్ ఇంజిన్ లైటు మిణుకులతో కోడ్ చెబుతుంది. పాత హోండాల్లో ఆరు మిణుకులు, పాత టయోటాల్లో 22 అనే అంకె ఈ సెన్సర్‌వి. కోడ్‌లను చదవడంలో ఒక జాగ్రత్త అవసరం. పీ0118 అంటే వోల్టేజీ ఎక్కువగా ఉందని, అంటే దారి తెగిందని. పీ0117 అంటే వోల్టేజీ తక్కువ, అంటే ఎక్కడో షార్టు. పీ0116 అంటే చెప్పే అంకె నమ్మశక్యంగా లేదని. వీటిలో ఏదీ "సెన్సర్ మార్చు" అని చెప్పడం లేదు. సర్క్యూట్‌లో దోషం ఉందంటుంది, అంతే. లైటు వెలిగింది కాబట్టి సెన్సర్ పోయింది అనడం ఎంత తప్పో, లైటు వెలగలేదు కాబట్టి సెన్సర్ బాగుంది అనడమూ అంతే తప్పు.

దోషం సెన్సర్‌దా, దారిదా అని విడదీయడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. తాళం తిప్పి ఉంచి కప్లర్ ఊడదీస్తే స్కానర్‌లో మైనస్ 40 రావాలి. కప్లర్‌లోని రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపితే అంకె పై అంచుకు, 130 డిగ్రీలకు అటూ ఇటూ, ఎగరాలి. ఈ రెండూ జరిగితే వైరు తెగలేదు, కంప్యూటర్ బాగుందన్నమాట. దోషం కనిపించగానే తన ఊహ అంకెను చూపించే కార్లలో ఈ పరీక్ష తికమక పెడుతుంది, అక్కడ కప్లర్ దగ్గర మల్టీమీటరుతో 5 వోల్టులు వస్తున్నాయో లేదో చూడటమే సరైనది. టెస్ట్ ల్యాంపు మాత్రం ఈ వైర్ల మీద పెట్టకూడదు, అది లాగే కరెంటు కంప్యూటర్‌కు మంచిది కాదు. వైరు తోలు సూదితో పొడిచి చూడటం కూడా మానాలి. ఆ రంధ్రంలో వచ్చే ఏడు చిలుము పుడుతుంది. కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్ను జొనిపి చూడొచ్చు. ముల్లు నడిపే ఒంటి వైరు సెన్సర్‌కైతే ఎర్త్ చూడాలి. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదిలిందంటే ఇంజిన్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య ఎర్త్ పట్టీ బాగాలేదని అర్థం. పెట్రోలు ముల్లూ వేడి ముల్లూ రెండూ ఒకేసారి అబద్ధాలాడుతుంటే, పాత బ్రిటిష్ తరహా మీటర్లలో వాటికి కరెంటు అందించే స్టెబిలైజర్‌ను అనుమానించాలి. రెండు సెన్సర్లూ ఒకేరోజు పాడవడం అరుదు.

చివరిగా సెన్సర్‌నే కొలవడం. ఇంట్లో చేయగలిగిన పనే, నాకు చాలా ఇష్టమైన పని కూడా. కూరలకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, సెన్సర్ ఇత్తడి మొన మాత్రం మునిగేలా, గిన్నె అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీయాలి. పిన్నులకు మల్టీమీటరు, పక్కన గాజు థర్మామీటరు. పొయ్యి సన్న మంట మీద ఉండాలి, నీళ్లు కలుపుతుండాలి. 30 డిగ్రీల దగ్గర 1,700 చుట్టూ ఉన్న అంకె చూస్తుండగానే వందల్లో కరిగిపోతూ వస్తుంది, 60 దాటాక దిగడం మందగిస్తుంది, 80 దగ్గర మూడు వందల చిల్లరకు చేరుతుంది. మంచి సెన్సర్‌లో ఈ దిగుదల జారుడుబల్లలా నున్నగా ఉంటుంది. పాడైనదానిలో ఒక చోట అంకె అతుక్కుపోతుంది, లేదా అకస్మాత్తుగా దూకుతుంది, లేదా సగం దూరం వచ్చి తెగిపోతుంది. మంట ఆపి చల్లారుతున్నప్పుడు కూడా చూడాలి, వేడెక్కేటప్పుడు బాగుండి చల్లారేటప్పుడు తెగే సెన్సర్లు ఉంటాయి. నీళ్లు మరిగితే 100 డిగ్రీలు అనుకుని లెక్క వేయకండి. విశాఖలో అది నిజం, సముద్రమట్టానికి 540 మీటర్ల దాకా ఎత్తున్న హైదరాబాదులో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. అదే గిన్నెలో థర్మోస్టాట్‌ను కూడా వేలాడదీస్తే ఎన్ని డిగ్రీలకు నోరు తెరుస్తుందో కూడా తెలిసిపోతుంది.

గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లు ఇప్పుడు చవకయ్యాయి. పనికొస్తాయి గానీ మెరిసే అల్యూమినియం మీద తక్కువ చూపిస్తాయి. కొలిచే చోట కాగితపు టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టాలి.

ఇప్పుడు షెడ్డుల్లోని వాదాల దగ్గరికి వద్దాం. "సెన్సర్ ఖరీదెంత సార్, వేసి చూద్దాం, తగ్గకపోతే వేరేది చూద్దాం" అనేది ఒక వాదం. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. పాతికేళ్ల నాటి సెన్సర్, ప్లాస్టిక్ పగిలి, మొన తెల్లబారి కనిపిస్తుంటే కొలిచి సాధించేదేమీ లేదు, మార్చడమే మేలు. కానీ మార్చేటప్పుడు కప్లర్‌ను ఊడదీసి పెట్టడం వల్ల పిన్నుల మీది చిలుము కాస్త రాలుతుంది, కారు కొన్నాళ్లు బాగుపడుతుంది, ఘనత కొత్త సెన్సర్‌కు దక్కుతుంది. పాత సెన్సర్‌నే తీసి పెట్టినా అంతే జరిగేది. అందుకే మార్చే ముందు కప్లర్ ఒక్కసారి ఊడదీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, వదులైన పిన్నులు బిగించి, మళ్లీ పెట్టి కారు నడిపి చూడాలి. గరుకు కాగితం పెట్టి రుద్దొద్దు, పైనున్న తగరపు పూత పోయి చిలుము ఇంకా త్వరగా పడుతుంది. ఎలుకలు కొరికిన వైరు దొరికితే మెలేసి టేపు చుట్టడం మరమ్మతు కాదు. టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగాలి.

"ఫ్యాన్ డైరెక్ట్ ఇచ్చేద్దాం" అనేది ఇంకో వాదం. స్విచ్చో సెన్సరో పనిచేయనప్పుడు ఫ్యాన్‌ను నేరుగా తాళానికి కలిపేస్తారు. దారిలో ఆగిపోయిన కారును ఇంటికి చేర్చడానికి అది మంచి ఉపాయం. తర్వాత ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే ఫ్యాన్ మోటారు అరిగి ఒక మే నెల మధ్యాహ్నం ఆగిపోతుంది, ఆ సంగతి చెప్పాల్సిన సెన్సర్ దారి అప్పటికే చెడిపోయి ఉంటుంది. వైరులో చిన్న రెసిస్టర్ కలిపి కంప్యూటర్‌ను మభ్యపెట్టే పద్ధతిని మాత్రం నేను ఏమాత్రం ఒప్పుకోను. పికప్ పెరిగిందనిపించవచ్చు, నిజంగా పెరిగేది పెట్రోలు ఖర్చు. పైన వేసిన 300 ఓమ్‌ల లెక్కలోని జబ్బునే డబ్బిచ్చి తెచ్చుకోవడం అది.

అన్నీ చూశాక సెన్సర్‌దే దోషమని తేలితే కొనడంలో జాగ్రత్త పడాలి. మరలూ కప్లరూ అచ్చుగుద్దినట్టు సరిపోయినా లోపలి లెక్క వేరుగా ఉండే సెన్సర్లు ఉన్నాయి. జనరల్ మోటార్స్ తరహా సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 3,500 ఓమ్‌లు చూపిస్తే, బాష్ తరహాది 2,500. ఒకదాని చోట ఇంకోటి బిగుస్తుంది, కంప్యూటర్ లెక్క మాత్రం తప్పుతుంది. పార్ట్ నంబరుతోనే కొనాలి. ఆటోనగర్ అంగట్లో అట్టపెట్టె మీద పేరు ఏదున్నా, బిగించే ముందు కొత్తదాన్ని కూడా ఆ వేడినీళ్ల గిన్నెలో ఒకసారి ముంచి చూడటం మంచిది. నకిలీలు అక్కడే బయటపడతాయి.

బిగించడం పెద్ద పని కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మూత ఒకసారి తెరిచి మూసి, కొత్త సెన్సర్ చేతిలో సిద్ధంగా పెట్టుకుని, పాతది విప్పగానే కొత్తది తిప్పేస్తే పోయే నీళ్లు గ్లాసెడే. పాతది బిగుసుకుపోతే ఆయిల్ కొట్టి ఒక పూట ఆగాలి. పానాతో బలం చూపిస్తే ఇత్తడి విరిగి ముక్క అల్యూమినియం లోపల ఉండిపోతుంది, అప్పుడు హౌసింగే విప్పాల్సి వస్తుంది. పాత వాషర్ లేదా రబ్బరు రింగు మళ్లీ వాడొద్దు. ఒంటి వైరు సెన్సర్ మరలకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే ఎర్త్ అందదు, ముల్లు లేవదు. అల్యూమినియం మరలు మెత్తన, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాలి.

తర్వాత కూలెంట్ నింపి, హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి, గాలి విడుదల చేసే స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడపాలి. సెన్సర్ దగ్గర బుడగ చిక్కితే కొత్త సెన్సర్ కూడా పాతదానిలాగే అబద్ధం చెబుతుంది. ఫ్యాన్ తనంతట తాను తిరిగి, ఆగి, మళ్లీ తిరిగేదాకా ఆగి చూడాలి. కోడ్ చెరపాలి. మర్నాడు పొద్దున నీళ్ల మట్టం, స్కానర్‌లో చల్లటి అంకె మళ్లీ చూడాలి, వేడెక్కాక వేడి అంకె కూడా. రెండిటినీ తేదీతో కారు సర్వీసు పుస్తకంలో రాసుకుంటే, మూడేళ్ల తర్వాత ఎవరైనా "సెన్సర్ పోయింది" అన్నప్పుడు పోల్చి చూడటానికి ఒక ఆధారం ఉంటుంది.

పని చేసిన చోట కారిన కూలెంట్‌ను మాత్రం అలా వదిలేయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్కలు నాకుతాయి, పసిపిల్లలు వేలు పెట్టి చూస్తారు. ఇసుకో రంపపు పొట్టో చల్లి పీల్చనిచ్చి ఎత్తేసి, ఆ నేల నీళ్లతో బాగా కడగాలి. మిగిలింది సీసాలో పోసి, మూత బిగించి, మీద పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టాలి.